మోడల్ ఫైల్ మొత్తం లోడ్ చేయకుండానే అందులోని మెటాడేటా చదవడం ఎలా?

ఫోల్డర్‌లో 13 జీబీ ఫైల్ ఒకటి పడి ఉంది. పేరేమో "ఫైనల్_కొత్తది_2". ఏ ఆర్కిటెక్చర్, ఎన్ని పారామీటర్లు, ఏ ప్రెసిషన్ (ఒక్కో సంఖ్యకు ఎన్ని బిట్లు), దేని మీద ఫైన్‌ట్యూన్ చేశారు... పేరు చూస్తే ఒక్కటీ తెలియదు. ఇలాంటప్పుడు చాలామంది దాన్ని నేరుగా మెమరీలోకి లోడ్ చేసేస్తారు. ర్యామ్ సరిపోతే కాసేపు కాచుకు కూర్చోవాలి, సరిపోకపోతే ప్రోగ్రామ్ మధ్యలోనే ఆగిపోతుంది. ఇదంతా అనవసరమైన టెన్షన్. మీకు కావలసిన ఈ వివరాలు, అంటే మెటాడేటా, సాధారణంగా కొన్ని కిలోబైట్లలోనే ఉంటాయి. అవి ఫైల్‌లో ఏ చోట ఉన్నాయో తెలిస్తే వెయిట్స్ (మోడల్ నేర్చుకున్న సంఖ్యలు) జోలికి వెళ్లకుండానే చదివేయొచ్చు.

ఇక్కడ అంతా పైథాన్‌తో చెబుతాను. ఫంక్షన్ల పేర్లు, కీల పేర్లు పలికినట్టుగా తెలుగులో రాశాను, కోడ్‌లో మాత్రం వాటి అసలు స్పెల్లింగే వాడాలి. ఫైల్‌ను బైనరీ మోడ్‌లో తెరవడం, డిక్షనరీతో పని చేయడం వస్తే చాలు, మెషీన్ లెర్నింగ్ లోతుగా తెలియక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు ఒక తేడా గుర్తుపెట్టుకోండి. మోడల్ ఫైల్‌లో రెండు రకాల సమాచారం ఉంటుంది. ఒకటి, ఫైల్ తయారుచేసినవాళ్లు తమకు తోచినట్టు రాసిపెట్టిన వివరాలు: పేరు, లైసెన్స్, వివరణ వగైరా. రెండోది, టెన్సర్ల (వెయిట్స్‌ను దాచే సంఖ్యల పట్టికల) పేర్లు, షేపులు (కొలతలు), డేటా టైపులు. ఇవి తప్పుగా ఉంటే ఫైలే పనిచేయదు కాబట్టి అబద్ధం ఆడవు. మొదటి రకం చదివి ఊరుకోకండి, రెండోదానితో సరిచూడండి. కింద ఏ ఫార్మాట్ గురించి చెప్పినా నేను తిరిగి తిరిగి వచ్చేది ఇక్కడికే.

1. ఎక్స్‌టెన్షన్‌ను నమ్మకండి, మొదటి బైట్లు చూడండి

చివర డాట్ బిన్ అని ఉన్న ఫైల్‌లో ఏదైనా ఉండొచ్చు. డాట్ పీటీ అని ఉన్నది జిప్ కావచ్చు, పాత పికిల్ (పైథాన్ ఆబ్జెక్టులను ఫైల్‌లో దాచే పద్ధతి) కావచ్చు, ఎవరో పేరు మార్చిన సేఫ్‌టెన్సర్స్ ఫైలూ కావచ్చు. కాబట్టి ఫైల్‌ను బైనరీ మోడ్‌లో తెరిచి మొదటి 16 బైట్లు చదవండి. బైట్స్ ఆబ్జెక్ట్‌ను లిస్ట్‌గా మారిస్తే సంఖ్యలు కనిపిస్తాయి. వాటిని ఇదే వరుసలో పోల్చండి:

- మొదటి నాలుగు 71, 71, 85, 70 అయితే అది జీజీయూఎఫ్.
- 80, 75, 3, 4 అయితే జిప్. ఇప్పటి పైటార్చ్ ఫైళ్లు, కెరాస్ 3 ఫైళ్లు రెండూ ఇందులోకే వస్తాయి.
- 137, 72, 68, 70 అయితే హెచ్‌డీఎఫ్5, అంటే చాలావరకు పాత కెరాస్ మోడల్.
- అయిదో బైట్ నుంచి 84, 70, 76, 51 ఉంటే టెన్సర్‌ఫ్లో లైట్.
- తొమ్మిదో బైట్ 123 అయితే, అంటే { గుర్తు అయితే, సేఫ్‌టెన్సర్స్ అయ్యే అవకాశం ఎక్కువ.
- 128తో మొదలైతే జిప్‌లో లేని పికిల్. దీన్ని మామూలు పద్ధతిలో తెరవకండి, కారణం కింద చెబుతాను.
- ఇవేవీ కాకుండా 8తో మొదలైతే ఓఎన్ఎన్ఎక్స్ కావచ్చు. దానికి ప్రత్యేకమైన గుర్తు బైట్లంటూ లేవు.

వరుస ఎందుకు ముఖ్యమంటే, సేఫ్‌టెన్సర్స్‌కు కూడా సొంత గుర్తు లేదు. అందుకే అక్కడ ఇంకో పరీక్ష కలపండి: మొదటి 8 బైట్లను సంఖ్యగా చదివితే అది ఫైల్ సైజు కంటే తక్కువ ఉండాలి.

ఇంకో విషయం. జిప్ అవునో కాదో చూడటానికి జిప్‌ఫైల్ మాడ్యూల్‌లోని ఈజ్_జిప్‌ఫైల్ ఫంక్షన్ వాడకండి. అది ఫైల్ చివర చూస్తుంది. మెటాడేటా ఉన్న టెన్సర్‌ఫ్లో లైట్ ఫైళ్ల చివర నిజంగానే ఒక జిప్ అతికించి ఉంటుంది, కాబట్టి ఆ ఫంక్షన్ అవునంటుంది, మీ కోడ్ దారి తప్పుతుంది.

2. సేఫ్‌టెన్సర్స్: లైబ్రరీ లేకుండానే చదవొచ్చు

నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఫార్మాట్ లేదు. నిర్మాణం మూడు ముక్కలు: మొదటి 8 బైట్లలో హెడర్ పొడవు, తర్వాత అంత పొడవున జేసన్, ఆ తర్వాత ఫైల్ చివరి దాకా టెన్సర్ల డేటా.

ముందుగా 8 బైట్లు చదవండి. ఉదాహరణకు 24, 92, 0, 0, 0, 0, 0, 0 వచ్చాయనుకోండి. ఇది లిటిల్ ఎండియన్, అంటే చిన్న స్థానం ముందు వస్తుంది. లెక్క: 24 + 92 × 256 = 23,576. హెడర్ పొడవు అంతే, దాదాపు 23 కిలోబైట్లు. కోడ్‌లో ఇంట్ డాట్ ఫ్రమ్_బైట్స్ వాడి బైట్ ఆర్డర్‌గా లిటిల్ ఇస్తే సరి. పొరపాటున బిగ్ అని ఇస్తే 19 అంకెల సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యను అలాగే రీడ్‌కు పంపితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అందుకే చదివేముందు ఒక హద్దు పెట్టండి. అసలు లైబ్రరీ కూడా హెడర్‌ను 100 ఎంబీ దాటనివ్వదు, మీరూ అదే వాడండి.

తర్వాత 23,576 బైట్లు చదివి, యూటీఎఫ్-8గా డీకోడ్ చేసి, జేసన్ మాడ్యూల్‌లోని లోడ్స్‌కు ఇవ్వండి. హెడర్ చివర ఖాళీ స్పేస్‌లు ఉండొచ్చు. అవి అలైన్‌మెంట్ కోసం పెట్టినవి, జేసన్ వాటిని పట్టించుకోదు.

ఇప్పుడు మీ చేతిలో ఒక డిక్షనరీ ఉంది. అందులో __మెటాడేటా__ అనే ఒక్క కీ ప్రత్యేకం, మిగతావన్నీ టెన్సర్ల పేర్లు. ప్రతి టెన్సర్ కింద మూడు సంగతులు ఉంటాయి: డీటైప్, షేప్, డేటా_ఆఫ్‌సెట్స్. ముందుగా __మెటాడేటా__ను పాప్ చేసి పక్కన పెట్టుకోండి. ఆ కీ లేకపోయినా ఫైల్ సరైనదే కాబట్టి పాప్‌కు డిఫాల్ట్ విలువ ఇవ్వడం మరవకండి.

__మెటాడేటా__లో కీలూ విలువలూ రెండూ స్ట్రింగులే, నియమం అది. సంఖ్య కావాలన్నా, లిస్ట్ కావాలన్నా స్ట్రింగ్‌గా మార్చి పెట్టాల్సిందే. ట్రాన్స్‌ఫార్మర్స్ లైబ్రరీ సేవ్ చేసిన ఫైల్ అయితే చాలాసార్లు "ఫార్మాట్" అనే కీకి "పీటీ" అనే విలువ ఒక్కటే కనిపిస్తుంది. ఇంతేనా అని నిరుత్సాహపడతారు గానీ, లోరా ఫైళ్ల (బేస్ మోడల్‌కు జతచేసే చిన్న ఫైన్‌ట్యూన్ ఫైళ్ల) సంగతి వేరు. కోయా అనే ట్రైనింగ్ స్క్రిప్టులతో ట్రైన్ చేసిన లోరా ఫైల్ తెరిస్తే ఎస్ఎస్_ అనే ముందుమాటతో డజన్ల కొద్దీ కీలు ఉంటాయి. నెట్‌వర్క్ ర్యాంక్, ఆల్ఫా, లెర్నింగ్ రేట్, ఏ బేస్ మోడల్ మీద ట్రైన్ చేశారు, ట్రైనింగ్ చిత్రాల ట్యాగులు ఏవి, ఎన్నిసార్లు వచ్చాయి, అన్నీ. ట్యాగుల విలువ స్ట్రింగే, కానీ ఆ స్ట్రింగ్ లోపల మళ్లీ జేసన్ ఉంటుంది. దాన్ని ఇంకోసారి జేసన్ లోడ్స్‌కు ఇవ్వాలి. అయితే అన్ని విలువలనూ గుడ్డిగా రెండోసారి పార్స్ చేయకండి. "128" అనే స్ట్రింగ్ కూడా సరైన జేసనే, అది సంఖ్యగా మారిపోతుంది. మీకు ఫలానా కీలో జేసన్ ఉందని తెలిసినప్పుడే చేయండి, అదీ ట్రై బ్లాక్‌లో పెట్టి.

ఇలాంటి ఫైల్‌ను పదిమందితో పంచుకోబోతున్నారా? ముందు మీరే ఒకసారి చదువుకోండి. డేటాసెట్ ఫోల్డర్ల పేర్లు, అవుట్‌పుట్ పేర్లు కూడా అందులోకి చేరతాయి. ఆ ఫోల్డర్‌కు మీరు ఏ పేరు పెట్టారో ఊళ్లో అందరికీ తెలియాల్సిన పని లేదు.

ఇక నిజాన్ని తేల్చే భాగం. పారామీటర్ల సంఖ్య కావాలంటే ప్రతి టెన్సర్ షేప్‌లోని సంఖ్యలను గుణించి, అన్నిటినీ కూడండి. గుణకారానికి మ్యాథ్ మాడ్యూల్‌లోని ప్రాడ్ వాడితే ఖాళీ షేప్‌కు 1 వస్తుంది, స్కేలర్ విషయంలో మనకు కావలసిందీ అదే. పేరులో 7 బిలియన్ అని ఉన్న ఫైల్‌కు ఈ మొత్తం అటూ ఇటూగా 700 కోట్లు రావాలి. రాకపోతే రెండు కారణాలు వెతకండి: ఫైల్ ముక్కల్లో ఒకటై ఉండొచ్చు, లేదా 4 బిట్ క్వాంటైజ్ చేసిన (ఒక్కోదాన్ని 4 బిట్లకు తగ్గించిన) వెయిట్స్‌ను ఒక్కో 32 బిట్ పూర్ణాంకంలో ఎనిమిదేసి చొప్పున కుదించి ఉండొచ్చు. రెండో సందర్భంలో డీటైప్ ఐ32 అని కనిపిస్తుంది, లెక్క చాలా తక్కువ వస్తుంది.

డౌన్‌లోడ్ పూర్తయిందో లేదో కూడా ఇక్కడే తేలిపోతుంది. డేటా_ఆఫ్‌సెట్స్‌లోని సంఖ్యలు హెడర్ అయిపోయిన చోటి నుంచి లెక్క. అన్ని టెన్సర్లలో అతి పెద్ద ముగింపు సంఖ్య తీసుకుని, దానికి హెడర్ పొడవు, ఇంకో 8 కలపండి. అది ఫైల్ సైజుకు సరిగ్గా సమానం కావాలి. ఫైల్ సైజు తక్కువ ఉంటే డౌన్‌లోడ్ మధ్యలో తెగిపోయినట్టే. హ్యాష్ లెక్కించడానికి 13 జీబీ చదవాల్సిన చోట ఇది రెప్పపాటులో చెప్పేస్తుంది. లోపలి బైట్లు పాడైతే మాత్రం దీనికి తెలియదు, దానికి హ్యాష్ తప్పదు.

ఇదంతా చేత్తో చేయడం ఇష్టం లేకపోతే సేఫ్‌టెన్సర్స్ లైబ్రరీలో సేఫ్_ఓపెన్ ఉంది. దానికి ఫైల్ దారి, ఫ్రేమ్‌వర్క్ పేరు ఇచ్చి, విత్ బ్లాక్‌లో తెరిచి, మెటాడేటా అనే మెథడ్‌ను పిలవండి. __మెటాడేటా__ లేని ఫైల్‌కు అది ఖాళీ డిక్షనరీ ఇవ్వదు, నన్ ఇస్తుంది. నేరుగా గెట్ పిలిచారంటే ఎర్రర్. షేపుల కోసం గెట్_స్లైస్ మీద గెట్_షేప్ పిలవండి. గెట్_టెన్సర్ పిలిస్తే డేటా మెమరీలోకి వస్తుంది, మనం వద్దనుకున్నది అదే.

ఫైల్ ఇంకా సర్వర్ మీదే ఉంటే

ఫైల్ దించుకోకుండానే ఇదే పని చేయొచ్చు. హెచ్‌టీటీపీ అభ్యర్థనలో రేంజ్ హెడర్ పెట్టి 0 నుంచి 7 వరకు బైట్లు అడగండి. పొడవు తెలిశాక, పై ఉదాహరణ ప్రకారమైతే, 8 నుంచి 23,583 వరకు అడగండి. రెండు చివర్లూ లెక్కలోకి వస్తాయి కాబట్టి 23,584 కాదు. జవాబు స్టేటస్ 206 వచ్చిందా లేదా తప్పక చూడండి. 200 వచ్చిందంటే సర్వర్ మీ రేంజ్‌ను పట్టించుకోకుండా మొత్తం ఫైల్ పంపడం మొదలుపెట్టింది. వెంటనే కనెక్షన్ మూసేయండి. రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడుతుంటే స్ట్రీమ్ ఆప్షన్ ట్రూ పెట్టకపోతే ఆ అవకాశం కూడా ఉండదు, మొత్తం దిగాకే చెప్తుంది. హగ్గింగ్ ఫేస్ హబ్‌లో ఉన్న మోడల్ అయితే వాళ్ల హబ్ లైబ్రరీలోని గెట్_సేఫ్‌టెన్సర్స్_మెటాడేటా ఫంక్షన్ ఈ పనంతా చేసిపెడుతుంది, ముక్కలుగా ఉన్న మోడళ్లకు కూడా.

3. జీజీయూఎఫ్: ఒక్కో కీ దాటుకుంటూ

భాషా మోడళ్లను సొంత మెషీన్‌లో నడిపే లామా.సీపీపీ కుటుంబం వాడే ఈ ఫార్మాట్ 2023 ఆగస్టులో పాత జీజీఎంఎల్ ఫార్మాట్ల స్థానంలో వచ్చింది. మోడల్ నడవడానికి కావలసినదంతా, టోకెనైజర్‌తో (వాక్యాన్ని టోకెన్లనే ముక్కలుగా విడగొట్టే భాగంతో) సహా, ఒకే ఫైల్‌లో ఉండాలన్నది దీని ఉద్దేశం. కాబట్టి ఇందులో మెటాడేటా అలంకారం కాదు, అది లేకపోతే మోడల్ నడవదు. నేను చూసిన ఫార్మాట్లలో చదివినందుకు ఎక్కువ ఫలితం దక్కేది ఇక్కడే.

మొదటి 24 బైట్లు ఇలా ఉంటాయి: 4 బైట్ల గుర్తు, 4 బైట్ల వెర్షన్, 8 బైట్ల టెన్సర్ల సంఖ్య, 8 బైట్ల మెటాడేటా జతల సంఖ్య. ఇప్పుడు మీకు దొరికేవి ఎక్కువగా వెర్షన్ 3 ఫైళ్లు. వెర్షన్ 1 కనిపిస్తే ఈ కోడ్ పనిచేయదు, ఎందుకంటే అందులో లెక్కలు, పొడవులు 8 బైట్లకు బదులు 4 బైట్లలో ఉండేవి. వెర్షన్ 2, 3 కాకపోతే స్పష్టంగా ఎర్రర్ చూపి ఆపేయండి.

24వ బైట్ దగ్గర మొదటి జత మొదలవుతుంది. చాలా ఫైళ్లలో అది జనరల్.ఆర్కిటెక్చర్. దగ్గరగా చూద్దాం. ముందు 8 బైట్లలో కీ పొడవు: 20. తర్వాత 20 బైట్లు కీ పేరు. తర్వాత 4 బైట్లలో విలువ రకం: 8, అంటే స్ట్రింగ్. స్ట్రింగ్ కాబట్టి మళ్లీ 8 బైట్లలో పొడవు: లామా మోడల్ అయితే 5. ఆ తర్వాత 5 బైట్లు విలువ. మొత్తం 8 + 20 + 4 + 8 + 5 = 45. కాబట్టి రెండో జత 69వ బైట్ దగ్గర మొదలవుతుంది. మీరు రాసిన కోడ్ మొదటి జత చదివాక టెల్ పిలిస్తే 69 రావాలి. రాలేదంటే ఎక్కడో లెక్క తప్పింది.

రకాల సంఖ్యలు 0 నుంచి 12 వరకు. 0, 1 అంటే 8 బిట్ పూర్ణాంకాలు, 2, 3 అంటే 16 బిట్, 4, 5 అంటే 32 బిట్. ప్రతి జంటలోనూ ముందుది మైనస్ విలువలు లేనిది (అన్‌సైన్డ్), తర్వాతది ఉన్నది (సైన్డ్). 6 అంటే 32 బిట్ ఫ్లోట్, 7 బూలియన్, అది ఒక బైట్ తీసుకుంటుంది. 8 స్ట్రింగ్, 9 అర్రే. 10, 11 అంటే 64 బిట్ పూర్ణాంకాలు, 12 అంటే 64 బిట్ ఫ్లోట్. వీటికి స్ట్రక్ట్ మాడ్యూల్ ఫార్మాట్ అక్షరాలతో ఒక డిక్షనరీ చేసుకోండి. ఫార్మాట్ ముందు < గుర్తు పెట్టడం మరవకండి. అది లేకపోతే పైథాన్ మీ మెషీన్ అలవాటు ప్రకారం చదువుతుంది.

అర్రే దగ్గర కాస్త ఆగాలి. దానికి ముందు 4 బైట్లలో లోపలి మూలకాల రకం, 8 బైట్లలో ఎన్ని ఉన్నాయో వస్తాయి. టోకెనైజర్ పదజాలం ఇక్కడే ఉంటుంది. లామా 3 అయితే టోకెన్లు 1,28,256. అన్నిటినీ పైథాన్ లిస్ట్‌లోకి ఎక్కించి ప్రింట్ చేస్తే టెర్మినల్ నిండిపోవడం తప్ప ఉపయోగం లేదు. సంఖ్యల అర్రే అయితే మూలకం సైజును సంఖ్యతో గుణించి అంత దూరం సీక్‌తో దూకేయండి. స్ట్రింగుల అర్రేకు ఆ సౌకర్యం లేదు, ఒక్కోదాని పొడవు చదివి ఒక్కోటి దాటాల్సిందే. దాటుతూ మొదటి అయిదారు టోకెన్లు మాత్రం దాచుకుంటే, సరైన టోకెనైజరో కాదో కళ్లతో చూసుకోవడానికి పనికొస్తాయి.

ఏ కీలు చూడాలి? జనరల్.నేమ్, జనరల్.ఆర్కిటెక్చర్ ముందు. మిగతా ముఖ్యమైన కీల పేర్లు ఆర్కిటెక్చర్ పేరుతో మొదలవుతాయి. లామా.కాంటెక్స్ట్_లెంగ్త్, లామా.బ్లాక్_కౌంట్ ఇలా. అందుకని కోడ్‌లో "లామా" అని నేరుగా రాసేయకుండా, ముందు ఆర్కిటెక్చర్ విలువ తీసుకుని దానితో కీ పేరు కట్టండి. లేకపోతే క్వెన్ మోడల్ రాగానే మీ కోడ్ ఏమీ దొరకలేదంటుంది.

జనరల్.ఫైల్_టైప్ ఒక సంఖ్య. 1 అయితే ఎక్కువ భాగం 16 బిట్ ఫ్లోట్, 7 అయితే క్యూ8_0 (8 బిట్ క్వాంటైజేషన్), 15 అయితే క్యూ4_కే_ఎం (4 బిట్ రకం). ఇందులో "ఎక్కువ భాగం" అన్నది గమనించండి. క్యూ4_కే_ఎం ఫైల్‌లో కొన్ని టెన్సర్లు వేరే ప్రెసిషన్‌లో ఉంటాయి. కచ్చితంగా తెలియాలంటే మెటాడేటా అయిపోయాక వచ్చే టెన్సర్ల జాబితా కూడా చదవాలి. ఒక్కోదానికి పేరు, డైమెన్షన్ల సంఖ్య, ఒక్కో డైమెన్షన్‌కు 8 బైట్లు, 4 బైట్ల రకం, 8 బైట్ల ఆఫ్‌సెట్. డైమెన్షన్లు పైటార్చ్‌లో చూసే వరుసకు తిరగేసి ఉంటాయి. పోల్చేటప్పుడు కంగారు పడకండి.

టోకెనైజర్.చాట్_టెంప్లేట్ గురించి ఒక హెచ్చరిక. అది సంభాషణను మోడల్‌కు అర్థమయ్యే రూపంలో పేర్చే జింజా (పైథాన్‌లో వాడే టెంప్లేట్ భాష) టెంప్లేట్. చదివి ప్రింట్ చేస్తే ఏ ప్రమాదమూ లేదు. దాన్ని జింజాకు ఇచ్చి నడిపితే మాత్రం ఎవరో అపరిచితుడు రాసిన కోడ్‌ను మీ మెషీన్‌లో నడుపుతున్నట్టే. 2024లో లామా-సీపీపీ-పైథాన్ ప్యాకేజీలో బయటపడిన సీవీఈ-2024-34359 లోపం సరిగ్గా ఇదే. మోడల్ ఫైల్‌లోని టెంప్లేట్‌ను శాండ్‌బాక్స్ లేకుండా నడపడం వల్ల, కావాలని తయారుచేసిన ఫైల్‌తో యూజర్ మెషీన్ మీద ఏ కమాండ్ అయినా నడిపించగలిగే వీలు కలిగింది. నడపక తప్పకపోతే జింజాలోనే ఉన్న శాండ్‌బాక్స్ వాతావరణం వాడండి.

చేత్తో రాయడం వద్దనుకుంటే జీజీయూఎఫ్ అనే పైథాన్ ప్యాకేజీలో జీజీయూఎఫ్‌రీడర్ ఉంది. ఫైల్‌ను మెమరీ మ్యాప్ చేస్తుంది కాబట్టి వెయిట్స్ ర్యామ్‌లోకి రావు. ఫీల్డ్స్ అనే డిక్షనరీలో కీలన్నీ ఉంటాయి. కొత్త వెర్షన్లలో ఒక్కో ఫీల్డ్ మీద కాంటెంట్స్ పిలిస్తే విలువ వస్తుంది. పాత వాటిలో పార్ట్స్, డేటా అనే రెండిటితో కుస్తీ పట్టాలి. ఒకసారి చూసుకోవడానికే అయితే ఆ ప్యాకేజీతో వచ్చే జీజీయూఎఫ్-డంప్ కమాండ్ చాలు.

4. ఓఎన్ఎన్ఎక్స్

ఇది వేర్వేరు ఫ్రేమ్‌వర్కుల మధ్య మోడళ్లను మార్చుకోవడానికి వాడే ఫార్మాట్. లోపల ఉన్నది ప్రోటోబఫ్ (డేటాను బైనరీగా రాసే ఒక పద్ధతి) ఫైల్. ఓఎన్ఎన్ఎక్స్ లైబ్రరీలోని లోడ్‌కు ఫైల్ దారి ఇస్తూ, లోడ్_ఎక్స్‌టర్నల్_డేటాను ఫాల్స్ చేయండి. పెద్ద మోడళ్లలో వెయిట్స్ పక్క ఫైల్‌లో ఉంటాయి, ఈ ఆప్షన్ పెడితే వాటి జోలికి పోదు. ప్రోటోబఫ్‌కు 2 జీబీ పరిమితి ఉంది కాబట్టి ప్రధాన ఫైల్ అంతకు మించి ఉండదు. వచ్చిన ఆబ్జెక్ట్‌లో ప్రొడ్యూసర్_నేమ్, ప్రొడ్యూసర్_వెర్షన్, ఐఆర్_వెర్షన్, ఆప్‌సెట్_ఇంపోర్ట్ చూడండి. సొంతంగా పెట్టుకున్న వివరాలు మెటాడేటా_ప్రాప్స్‌లో కీ, విలువ జతలుగా ఉంటాయి. వాటి మీద లూప్ తిప్పి డిక్షనరీ చేసుకోండి.

ఓఎన్ఎన్ఎక్స్ రన్‌టైమ్‌తో కూడా చదవొచ్చు. సెషన్ తెరిచి గెట్_మోడల్‌మెటా పిలిస్తే కస్టమ్_మెటాడేటా_మ్యాప్ వస్తుంది. అయితే సెషన్ తెరవడమంటే మోడల్‌ను నడపడానికి సిద్ధం చేయడమే, ఊరికే చదవడానికి అది బరువు. ఎలాగూ మోడల్ నడపబోతున్న ప్రోగ్రామ్‌లో అయితే ఇదే సులువు.

చిత్రాల్లో వస్తువులను గుర్తించే యోలో మోడళ్లను అల్ట్రాలిటిక్స్ లైబ్రరీతో ఎక్స్‌పోర్ట్ చేస్తే క్లాసుల పేర్లు "నేమ్స్" అనే కీలో ఉంటాయి. చూడటానికి జేసన్‌లా ఉంటుంది గానీ కాదు. అది పైథాన్ డిక్షనరీని స్ట్రింగ్‌గా మార్చింది, కీలు పూర్ణాంకాలు, కోట్స్ ఒంటివి. జేసన్ లోడ్స్ ఒప్పుకోదు. అప్పుడు చేయి ఎవాల్ వైపు పోతుంది, పోనివ్వకండి. ఏఎస్‌టీ మాడ్యూల్‌లోని లిటరల్_ఎవాల్ వాడండి. అది విలువలను మాత్రమే చదువుతుంది, కోడ్ నడపదు.

లైబ్రరీ లేకుండా చదవాలన్న పట్టుదల ఉంటే దారి ఉంది. ప్రోటోబఫ్‌లో ప్రతి ఫీల్డ్ ముందు ట్యాగ్ ఉంటుంది. గ్రాఫ్ ట్యాగ్ 58. అది కనిపించగానే దాని పొడవు చదివి, అంత దూరం దూకేయండి. 114 కనిపిస్తే అది ఒక మెటాడేటా_ప్రాప్స్ జత. గ్రాఫ్ తర్వాతే ఇవి వస్తాయి కాబట్టి ఫైల్ మొదట్లో వెతికితే దొరకవు.

5. పైటార్చ్: తెరవడానికి ముందు తొంగి చూడండి

డాట్ పీటీ, డాట్ పీటీహెచ్, డాట్ సీకేపీటీ ఫైళ్లలో మెటాడేటాకు నిర్ణీతమైన చోటు లేదు. ఇపాక్, ఆర్గ్స్, కాన్ఫిగ్ లాంటి కీలతో ఎవరికి తోచింది వాళ్లు పెట్టుకుంటారు. అసలు సమస్య అది కూడా కాదు. లోపల ఉన్నది పికిల్. పికిల్‌ను తెరవడం అంటే అందులోని సూచనలను అమలు చేయడమే, అందులో హానికరమైనది ఉంటే అదీ అమలవుతుంది. ఎవరిచ్చారో తెలియని ఫైల్‌ను మెటాడేటా చూద్దామని టార్చ్ లోడ్‌కు ఇవ్వడం వల్ల, చూడకముందే జరగాల్సింది జరిగిపోతుంది.

1.6 వెర్షన్ నుంచి పైటార్చ్ జిప్ రూపంలోనే సేవ్ చేస్తోంది. కాబట్టి జిప్‌ఫైల్ మాడ్యూల్‌తో తెరిచి, నేమ్‌లిస్ట్ చూడండి. డేటా.పీకేఎల్ కనిపిస్తుంది, డేటా అనే ఫోల్డర్‌లో 0, 1, 2 అంటూ వెయిట్స్ ఉంటాయి. కాన్‌స్టెంట్స్.పీకేఎల్, కోడ్ ఫోల్డర్ కూడా ఉంటే అది టార్చ్‌స్క్రిప్ట్, అంటే మోడల్ కోడ్‌ను కూడా కలిపి సేవ్ చేసిన రూపం.

ఇప్పుడు డేటా.పీకేఎల్ బైట్లు మాత్రం చదివి, పికిల్‌టూల్స్ మాడ్యూల్‌లోని జెన్‌ఆప్స్‌కు ఇవ్వండి. ఇది దేన్నీ అమలు చేయదు, సూచనల జాబితా ఇస్తుందంతే. అందులో గ్లోబల్ అనే ఆప్‌కోడ్‌లు (సూచనలు) ఏ ఫంక్షన్లను పిలుస్తున్నాయో చూడండి. ఆర్డర్డ్‌డిక్ట్, రీబిల్డ్_టెన్సర్, ఫ్లోట్ స్టోరేజ్ లాంటివి మామూలే. ఓఎస్, సబ్‌ప్రాసెస్, ఎవాల్, ఎగ్జెక్ లాంటి పేర్లు కనిపిస్తే ఫైల్‌ను తెరవకుండా పక్కన పడేయండి. స్టాక్_గ్లోబల్ అనే ఆప్‌కోడ్ తన పేర్లను స్టాక్ నుంచి తీసుకుంటుంది కాబట్టి దాని ముందు వచ్చిన స్ట్రింగులను కూడా చూడాలి. జెన్‌ఆప్స్ ఇచ్చే స్ట్రింగులు, సంఖ్యలు చదివితే కాన్ఫిగ్ వివరాలు చాలావరకు ఇక్కడే కనిపిస్తాయి.

అనుమానం తీరాక లోడ్ చేయాలనుకుంటే వెయిట్స్_ఓన్లీ ట్రూ, ఎంమ్యాప్ ట్రూ రెండూ పెట్టండి. 2.6 వెర్షన్ నుంచి మొదటిది డిఫాల్ట్‌గానే ట్రూ. లోడ్ కాలేదని ఎర్రర్ వస్తే దాన్ని ఫాల్స్ చేయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఫైల్ మీరే తయారుచేసినది అయితే తప్ప ఆ సలహా వినకండి.

టార్చ్‌స్క్రిప్ట్‌లో మాత్రం అదనపు వివరాలకు పద్ధతైన చోటు ఉంది: సేవ్ చేసేటప్పుడు _ఎక్స్‌ట్రా_ఫైల్స్ ఇస్తే అవి జిప్‌లోని ఎక్స్‌ట్రా ఫోల్డర్‌లోకి వెళ్తాయి. మామూలు జిప్‌లా తెరిచి చదువుకోవచ్చు.

6. కెరాస్, టెన్సర్‌ఫ్లో లైట్

డాట్ కెరాస్ ఫైల్ జిప్. అందులోని మెటాడేటా.జేసన్‌లో కెరాస్ వెర్షన్, సేవ్ చేసిన తేదీ ఉంటాయి. మోడల్ నిర్మాణం కాన్ఫిగ్.జేసన్‌లో ఉంటుంది. రెండూ చిన్నవి, నేరుగా చదవండి. పాత డాట్ హెచ్5 అయితే హెచ్5పై లైబ్రరీతో తెరిచి, ఆట్రిబ్యూట్లలో కెరాస్_వెర్షన్, బ్యాకెండ్, మోడల్_కాన్ఫిగ్ చూడండి. మోడల్_కాన్ఫిగ్ విలువ జేసన్ స్ట్రింగ్.

టెన్సర్‌ఫ్లో లైట్‌లో మెటాడేటా టీఎఫ్‌లైట్_మెటాడేటా అనే పేరుతో ఒక బఫర్‌లో ఉంటుంది, అది ఫ్లాట్‌బఫర్ (ఇంకో బైనరీ పద్ధతి) కాబట్టి స్కీమా కావాలి. కానీ చాలామందికి కావలసింది లేబుల్స్ ఫైల్ మాత్రమే. ఇందాక హెచ్చరించిన ఆ చివరి జిప్ ఇక్కడ పనికొస్తుంది: ఫైల్‌ను జిప్‌ఫైల్‌తో నేరుగా తెరిస్తే లేబుల్స్ బయటికొస్తాయి.

7. అన్నీ కలిపి ఒక ఫంక్షన్

ఫార్మాట్ గుర్తించే ఫంక్షన్ ఒకటి, ఒక్కో ఫార్మాట్‌కు ఒక రీడర్. అన్ని రీడర్లూ ఒకే ఆకారంలో జవాబివ్వాలి: ఫార్మాట్ పేరు, రాసిపెట్టిన వివరాలు, లెక్కించిన వివరాలు. చివరి రెండిటినీ ఒకే డిక్షనరీలో కలపకండి. స్క్రీన్ మీద "7 బిలియన్" అని కనిపించినప్పుడు అది ఎవరో రాసిన మాటా, మీరు షేపుల నుంచి లెక్కగట్టినదా అన్నది చూసేవాళ్లకు తెలియాలి.

"మెటాడేటా లేదు", "మెటాడేటా ఖాళీగా ఉంది", "చదవలేకపోయాను" అనే మూడూ వేర్వేరు. మొదటిదానికి నన్, రెండోదానికి ఖాళీ డిక్షనరీ, మూడోదానికి ఎక్సెప్షన్. అన్నిటికీ ఖాళీ డిక్షనరీ ఇచ్చే కోడ్ రాస్తే, సగం దిగిన ఫైల్‌కూ బాగున్న ఫైల్‌కూ తేడా తెలియకుండా పోతుంది.

ఫైల్ చెప్పే ప్రతి పొడవునూ మిగిలిన ఫైల్ సైజుతో పోల్చాకే చదవండి. స్ట్రింగ్ పొడవు 400 కోట్లు అని ఒక పాడైన ఫైల్ అంటే మీ ప్రోగ్రామ్ నమ్మకూడదు. అర్రే లోపల అర్రే వస్తే ఎంత లోతు వరకు వెళ్లాలో కూడా ఒక హద్దు పెట్టుకోండి.

8. మీ ఫైళ్లలో మీరే రాసిపెట్టాలంటే

సేఫ్‌టెన్సర్స్‌లో సేవ్_ఫైల్‌కు మెటాడేటా అనే ఆర్గ్యుమెంట్ ఇవ్వండి, విలువలన్నీ స్ట్రింగులుగా మార్చి. ట్రాన్స్‌ఫార్మర్స్‌తో తెరిచే ఫైల్ అయితే "ఫార్మాట్"కు "పీటీ" తప్పక చేర్చండి, అది లేకపోతే కొన్ని వెర్షన్లు ఫైల్ తెరవడానికి మొరాయిస్తాయి. ఇప్పటికే ఉన్న ఫైల్‌లో మార్చాలంటే టెన్సర్లను లోడ్ చేయక్కర్లేదు. ఆఫ్‌సెట్లు హెడర్ చివరి నుంచి లెక్క కాబట్టి హెడర్ పొడవు మారినా అవి మారవు. కొత్త జేసన్ పొడవు 8తో భాగించబడేలా చివర స్పేస్‌లు కలిపి, కొత్త ఫైల్‌లో పొడవు, హెడర్ రాసి, మిగతా డేటాను షుటిల్ మాడ్యూల్‌లోని కాపీఫైల్ఆబ్జ్‌తో యథాతథంగా కాపీ చేయండి. పాత ఫైల్ మీదే రాయకండి.

ఓఎన్ఎన్ఎక్స్‌కు హెల్పర్‌లోని సెట్_మోడల్_ప్రాప్స్ ఉంది. అది పాత జతలన్నీ తుడిచేసి కొత్తవి పెడుతుంది, కాబట్టి ఉన్నవాటిని ముందు చదివి, మీవి కలిపి ఇవ్వండి. జీజీయూఎఫ్‌లో ఒక సంఖ్యను మార్చాలంటే ప్యాకేజీతో వచ్చే సెట్-మెటాడేటా స్క్రిప్ట్ ఉన్నచోటే మార్చేస్తుంది. స్ట్రింగ్ మార్చాలంటే పొడవులు మారతాయి, దానికి న్యూ-మెటాడేటా స్క్రిప్ట్‌తో కొత్త ఫైల్ తయారుచేయాలి, డిస్క్‌లో ఇంకో ఫైల్‌కు సరిపడా చోటు ఉందో లేదో ముందే చూసుకోండి.